ఏ గుంపులో పడినా వస్తానన్న ఆమె

ఇరవై తొమ్మిదేళ్ళు నేను మనుషుల తలలకు తీగలు అతికించాను. ఈఈజీ టెక్నీషియన్ పని అంటే అదే. జుట్టు పాయలు తీసి, టేపుతో తల కొలిచి, గుర్తులు పెట్టి, జిగురు రాసి, చిన్న చిన్న బిళ్ళలు అంటించి, మెదడులో నడిచే సన్నటి కరెంటును తెర మీద గీతలుగా చూడడం. రిటైరైన తర్వాత, వేళ్ళకు ఆ జిగురు వాసన లేకుండా అన్నం తినడం అలవాటు కావడానికే కొన్ని నెలలు పట్టింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు కనిపిస్తే ఒకటే అడుగుతారు, మీ సర్వీసులో మరిచిపోలేని రికార్డింగ్ ఏది సార్ అని. ఎక్కడా చూడని వింత గీతల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఏ తప్పూ లేని రికార్డింగ్. దాన్ని చదవడం అన్నిటికన్నా సులభం. దాని గురించి నేను తొందరపడి మాట్లాడినందుకు ఒక మనిషి చెయ్యి కాలింది. తర్వాత ఆ మనిషే నాకు నా పనిలో తెలియనిదేదో నేర్పింది. మీరు నా తప్పు మళ్ళీ చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

నాది బాగేపల్లి. ఉద్యోగం చిక్కబళ్ళాపురంలో, ఒక ఆస్పత్రిలో. పొద్దున్నే హైవే బస్సు పట్టుకుని పోవడం, సాయంకాలం తిరిగి రావడం. బెంగళూరు నుంచి వారానికి రెండు రోజులు ఒక నరాల డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చేవారు. ఆమెది కన్నడం. తెలుగు బాగానే అర్థమయ్యేది కానీ, మాట్లాడబోతే సగం వాక్యంలో కన్నడంలోకి జారిపోయేవారు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, ఒక ట్రయల్ మొదలవుతోంది, మీ సాయం కావాలి అన్నారు.

ఫిట్స్ అంటే మనందరికీ తెలిసింది మూర్ఛ. మెదడులో కరెంటు ఉన్నట్టుండి గతి తప్పితే వచ్చేది. కానీ అచ్చం అలాగే పడిపోయి, అలాగే కాళ్ళూ చేతులూ కొట్టుకునే మనుషులు కొందరుంటారు. వాళ్ళ కరెంటు గతి తప్పదు. మూర్ఛ మాత్రలు వాళ్ళకు పనిచేయవు. ఏనాటి భయమో, దిగమింగుకున్న దుఃఖమో, కొందరిలో ఏ కారణమో ఎవరికీ అంతుపట్టకుండానో, ఒళ్ళు వాళ్ళ చేతిలోంచి జారిపోతుంది. కావాలని చేసేది కాదు. అలాంటివాళ్ళకు ఒక మాటల వైద్యం ఉంది, వారానికొకసారి కౌన్సెలర్‌తో కూర్చుని, ఫిట్ వచ్చే ముందు ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో పట్టుకోవడం, దాన్ని మళ్ళించడం నేర్చుకోవడం. అది మన పల్లెల మనుషులకు ఎంత పనిచేస్తుందో చూడాలన్నది ట్రయల్. చేరినవాళ్ళలో సగం మందికి ఆ వైద్యం, మిగతా సగానికి మామూలుగా డాక్టరు చూసి పంపడం. ఎవరు ఏ గుంపో కంప్యూటర్ చీటీ తీస్తుంది. డాక్టరమ్మ కూడా మార్చలేరు.

నాకు పెట్టిన పని, మా దగ్గర రికార్డింగ్ చేయించుకున్నవాళ్ళకు ఈ సంగతి తెలుగులో విప్పి చెప్పడం. బెంగళూరులో రెండు రోజులు తరగతులకు కూడా పంపారు. పోయాను, మంచి భోజనం పెట్టారు, తిన్నాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. తెర మీద కనపడనిదాన్ని నమ్మే రకం కాదు నేను.

ఆమె వచ్చింది ఆ తర్వాతి నెలలో. ముప్పై అయిదు, ముప్పై ఆరేళ్ళుంటాయి. పుట్టింది సాదలిలో, పట్టుపురుగులు మేపే ఇంట్లో. ఇచ్చింది చింతామణిలో. అక్కడ పట్టునూలు తీసే షెడ్డులో పని. పట్టుగూళ్ళను ఉడుకు నీళ్ళ తొట్టిలో వేసి, వేళ్ళతో పోగు కొస పట్టి, రాట్నానికి ఎక్కించాలి. రోజంతా చేతులు వేడినీళ్ళలోనే. ఆ పని చేసే మనిషికి ఫిట్స్ వస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. కుడి చెయ్యి మోచేతి దాకా పాత కాలిన మచ్చ ఉంది. తొమ్మిదేళ్ళుగా మూర్ఛ మాత్రలు మింగుతోంది. డాక్టర్లు మారారు, మాత్రలు మారాయి, ఫిట్స్ తగ్గలేదు. భర్తకు లగేజీ ఆటో ఉంది. దాంట్లోనే తీసుకొచ్చాడు.

డాక్టరమ్మ వీడియో ఈఈజీ రాశారు. అంటే రెండు మూడు రోజులు గదిలోనే ఉంచి, తల మీద బిళ్ళలు, ఎదురుగా కెమెరా. ఫిట్ వచ్చేదాకా కాచుకుని కూర్చోవడమే. రెండో రోజు పొద్దున, టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి నీళ్ళు తాగబోతూ ఆమె ఆగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తల ఇటూ అటూ ఊగడం మొదలైంది, తర్వాత ఒళ్ళంతా. కాసేపు నెమ్మదించి మళ్ళీ ఎక్కువైంది. మంచం గోడకు కొట్టుకుంటోంది. సిస్టరమ్మ దిండ్లు అడ్డం పెట్టింది. నేను, ఎప్పుడూ చేసినట్టే, తెర వైపు తిరిగాను.

ఒళ్ళు అంతలా కదిలితే తెర నిండా గజిబిజి వస్తుంది. అది కండరాల గోల, మెదడుది కాదు. ఆ గోల ఆగిన మరుక్షణం ఏం కనపడుతుందో అదే ముఖ్యం. నిజంగా కరెంటు గతి తప్పి వచ్చిన పెద్ద ఫిట్ అయితే, ఆగిన తర్వాత గీతలు అలిసిపోయి సాగిలబడతాయి, కోలుకోవడానికి చాలాసేపు పడుతుంది. నేను కొన్ని వందలు చూశాను. ఆ పొద్దు ఆమె ఒళ్ళు ఆగింది. ఆగీ ఆగగానే, తల వెనక వైపు గీతల్లో, మెలకువగా ఉండి కళ్ళు మూసుకున్న మనిషికి రావలసిన అల చక్కగా, తీరుగా, ఒకదాని వెనక ఒకటి వస్తోంది. అంత పెనుగులాట కింద ఆ అల చెక్కు చెదరలేదు. తరగతుల్లో చెబితే విన్నాను గానీ, ఒకే మనిషిలో ఆ తుఫాను, ఈ నెమ్మది పక్కపక్కనే ఉండడం కళ్ళారా చూస్తే వేరు.

సిస్టరమ్మ నా భుజం తట్టి, ఇటు చూడండి అంది. ఆమె మూసిన కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. చూశాను. మళ్ళీ తెర వైపు తిరిగి టైము రాసుకున్నాను.

ఇక నా తప్పు. డాక్టరమ్మ అప్పుడు ఓపీలో ఉన్నారు. ఫలితం చెప్పవలసింది ఆమె, నేను కాదు. ఆ సంగతి నాకు మొదటి ఏడాది నుంచీ తెలుసు. కానీ భర్త వరండాలో నిలబడి ఉన్నాడు. ఏం సార్, మెదడులో గడ్డ ఏమన్నా ఉండాదా అన్నాడు. మంచి వార్త నా నోట్లో ఉంది. ఆపుకోలేకపోయాను.

"ఏమీ లేదప్పా. మెదడు బంగారం మాదిరి ఉండాది. ఇవి నిజమైన ఫిట్సు కావు. ఇన్నేండ్లు మింగిన మాత్రలంతా దండగే."

అతను కాసేపు నన్నే చూసి, సరే సార్ అన్నాడు. ఆ ముఖంలో కనపడింది ఊరట అనుకున్నాను. మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చేటప్పటికి వాళ్ళు వెళ్ళిపోయారు. సంతకం పెట్టి, ఇంటికాడ పని ఉందని చెప్పి పోయారట. మళ్ళీ రావలసిన రోజు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడో వారం ఆమే, ఎవరి ఫోన్ నుంచో, మా కౌన్సెలర్‌కు చేసింది.

కౌన్సెలర్ గురించి చెప్పాలి. చింతామణి అమ్మాయే, మా అందరిలో చిన్నది. ట్రయల్ కోసమే చేరింది. మాటకు ముందు ఒక నిమిషం ఆగే అలవాటు ఉండేది. నేను మొదట్లో దాన్ని భయం అనుకున్నాను. ఆ రోజు ఫోన్ పెట్టేసి వచ్చి, నా ముందు అలాగే ఆగి, నెమ్మదిగా చెప్పింది. నిజమైన ఫిట్స్ కావని నేనన్న మాట చింతామణి చేరేసరికి నాటకం అయింది. అత్త పొరుగిళ్ళ వాళ్ళకు చెప్పింది. తొమ్మిదేళ్ళు మమ్మల్నంతా ఆడించిందని భర్త అన్నాడు. మాత్రలన్నీ అదే రోజు తీసి పారేశారు. ఆ మాత్రలు అలా ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చూస్తూ మెల్లగా దించాలి. ఫిట్స్ ఇంకా ఎక్కువయ్యాయి. షెడ్డులో తొట్టి మీద పడింది. ఈసారి ఎడమ చెయ్యి కాలింది. పడినప్పుడు పక్కనున్నవాళ్ళు వెంటనే లేపలేదట, ఎట్లా ఉత్తదే గదా అని.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "మీకు గీతలు చదవడం వచ్చు. మనుషులకు చెప్పడం నా పని. అది నాకు ఎందుకు వదల్లేదు?" అన్నారు. తర్వాత, కౌన్సెలర్‌తో కలిసి చింతామణికి పొమ్మన్నారు. ట్రయల్ సంగతి ఎత్తమని కాదు. ముందు క్షమాపణ చెప్పి, ఆమెను వైద్యానికి పిలుచుకు రమ్మని.

మరుసటి పొద్దున బస్సులో పోయాం. దోవ పొడుగునా నేను ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. ఇల్లు షెడ్డు వెనకాలే. ఉడికిన పురుగుల వాసన ఇంట్లోకీ వస్తుంది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఎడమ చేతికి కట్టు. భర్త ఆటో తీయకుండా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. అత్త తలుపు దగ్గర. నన్ను చూసి ఎవరూ కూర్చోమనలేదు. కౌన్సెలర్ తనంతట తానే కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

తప్పు నాదేనని చెప్పాను. మూర్ఛ కాదు అన్నది నిజం, ఫిట్స్ నిజం కాదు అన్నది అబద్ధం, రెండూ కలిపి ఒకే మాటగా నేనే చెప్పానని చెప్పాను. భర్త తల ఊపలేదు.

"నిజం కాదని మీరే గదా సార్ చెప్పింది. ఇప్పుడు నిజమంటాండారు. మేము ఏది పట్టుకోవల్ల?"

కౌన్సెలర్ ఆగింది, తన అలవాటు ప్రకారం. తర్వాత అతన్ని, నీకు ఎప్పుడన్నా నీ ఒళ్ళు నీ మాట వినకుండా పోయిందా అన్నా అని అడిగింది. లేదన్నాడు. షెడ్డులో రాట్నాల చప్పుడు వినపడుతూనే ఉంది. అప్పుడు అతనే, కింద చూస్తూ, తన తండ్రి చనిపోయినప్పుడు రెండు దినాలు గొంతులోంచి మాట రాలేదని చెప్పాడు. పలుకుదామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదట. కర్మకాండ చేయించే అయ్యవారికి సైగలతో చెప్పాడట. డాక్టరుకు చూపిస్తే గొంతులో ఏ జబ్బూ లేదన్నాడట.

"అప్పుడు నాటకం ఆడినావా?" అని గోడకు ఆనుకున్న ఆమె అడిగింది. అప్పటిదాకా ఆమె పలకలేదు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

అతను భార్య వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. లేచి లోపలికి పోయి, మా ఇద్దరికీ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

వైద్యానికి వస్తామన్నారు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా దించుతారని కౌన్సెలర్ చెప్పింది. మేము లేచి వచ్చేవాళ్ళమే. ఆమే ఆపి, ఆస్పత్రి గోడ మీద ఒక కాగితం అంటించి ఉండె, చీటీ తీసి వైద్యం చేస్తారని, అదేమి అని అడిగింది. మామూలు వైద్యానికీ దానికీ సంబంధం లేదని, చేరకపోయినా చూస్తారని ముందే చెప్పి, సంగతి వివరించబోయాను. రెండు గుంపులు, కంప్యూటర్, పోలిక, ఏవేవో అన్నాను. నా మాటలు నాకే అర్థం కాలేదు. అంతకు ముందు నెల రోజులుగా అందరికీ అలాగే చెబుతున్నాను. భర్త మధ్యలో ఆపాడు. మంచి వైద్యమైతే అందరికీ ఇవ్వచ్చు గదా, చీటీ ఏంటికి, మేమేమన్నా గొర్రెలమా అన్నాడు.

అతనికి ఆమే చెప్పింది. ఆ మాటలు నాకు ఈనాటికీ దాదాపు అలాగే గుర్తున్నాయి.

"పోయినేడు మా షెడ్డుకు కొత్త పొడి తెచ్చిరి గదా, నీళ్ళలో కలిపితే పోగు తెగదని. ఓనరు ఏం చేసె? కొత్త పొడి తొట్లో మంచి గూళ్ళు పోసె. పాత తొట్లో మచ్చల గూళ్ళు పోసె. చూడండి, కొత్త పొడి ఎంత బాగుండాదో అనె. పొడి మంచిదో గూళ్ళు మంచివో యాడ తెలుస్తాదప్పా అంటి నేను. ఒకే గంపలో గూళ్ళు తీసుకొని, కండ్లు మూసుకొని రెండు బాగాలు చేసి, రెండు తొట్లలో పోయల్ల. మనం ఏరకూడదు. ఏరితే మన ఆశ కూడా పోయి దాంట్లో కలుస్తాది."

కౌన్సెలర్ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. బెంగళూరులో రెండు రోజులు, పెద్ద పెద్ద డాక్టర్లు బొమ్మలు చూపించి చెప్పింది నాకు సగమే ఎక్కింది. ఏడో తరగతి దాకా కన్నడం స్కూల్లో చదివిన మనిషి, కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని, దాన్ని నాలుగు మాటల్లో చెప్పేసింది. ఏరితే మన ఆశ దాంట్లో కలుస్తుంది. మొత్తం ట్రయల్ అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఏ వైద్యమూ లేని తొట్లో నువ్వు పడితే ఎట్ల అన్నాడు భర్త. పడనీ, ఆ తొట్టి లేకుంటే ఈ తొట్టి సంగతి ఎట్ల తెలుస్తాది అంది.

అప్పటికప్పుడు సంతకం తీసుకోకూడదు. అది నియమం. కాగితాలు ఇచ్చి, చదువుకోమని వచ్చాం. వారం తర్వాత వాళ్ళు చిక్కబళ్ళాపురం వచ్చారు. డాక్టరమ్మ ముందు కూర్చుని, కన్నడంలో ఉన్న ఆ సమ్మతి పత్రాన్ని ఆమె మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది. తొందరేమీ లేదు ఆమెకు. ఒకచోట వేలు ఆగింది. ఆ వాక్యాన్ని బయటికి చదివి, భర్తకు తెలుగులో చెప్పింది, ఎప్పుడైనా సరే, కారణం చెప్పకుండా, మానుకోవచ్చు అని. నిజమేనా అమ్మా అని డాక్టరమ్మను అడిగింది. నిజమే, మీ వైద్యానికి ఏ అడ్డమూ రాదు అన్నారు ఆమె. "నాకు ఇంతవరకూ ఎవురూ ఇట్ల రాసియ్యలేదు" అని, సంతకం పెట్టింది.

కంప్యూటర్ ఆమెను మామూలు గుంపులో వేసింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మధ్యాహ్నం నేను డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఈ ఒక్కరిని మార్చడానికి వీలు లేదా అని అడిగాను. నా వల్ల చెయ్యి కాలిన మనిషి, కనీసం మంచి గుంపులో పడితే నాకు నిద్ర పడుతుందని నా లెక్క. ఏది మంచి గుంపో మీకు తెలుసా అన్నారు డాక్టరమ్మ. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఇదంతా. తెర మీద కనపడనిదాన్ని నమ్మనని నవ్వుకున్నవాడిని, అదే మాటల వైద్యం ఆమెకు దక్కలేదని బాధపడుతూ నిలబడ్డాను.

ఏడాది పాటు ఆమె నెలనెలా బస్సెక్కి వచ్చింది. వచ్చినప్పుడు ఎన్ని ఫిట్స్ వచ్చాయో లెక్క చూపాలి. దానికొక పుస్తకం ఇచ్చాం. తడి చేతులతో ఆ పుస్తకం రెండో వారానికే నానిపోయింది. అందుకని ఆమె తెగిన పట్టుపోగుల దారం ఒకటి నడుముకు కట్టుకుని, వచ్చిన ప్రతి ఫిట్‌కూ ఒక ముడి వేసేది. పడిపోయి దెబ్బ తగిలితే రెండు ముళ్ళు. లెక్కలు రాసుకునే ఉద్యోగి ముడులకు ఫారంలో గడి లేదన్నాడు. ఆమె నవ్వి, మా ముందే కూర్చుని, వారం వారం ముళ్ళు విప్పుకుంటూ కొత్త పుస్తకంలో ఎక్కించింది. ఒక్కటీ తప్పిపోలేదు. నా సర్వీసులో అంత శుభ్రమైన రికార్డు మా మెషిన్ కూడా ఇవ్వలేదు.

తన జబ్బుకు సరైన పేరు తెలిసిన తర్వాత ఆమె దాన్ని షెడ్డులో అందరికీ చెప్పింది. నాటకం కాదు, మూర్ఛా కాదు, ఇది ఇట్ల అని. ఓనరు ఆమెను తొట్టి దగ్గరి నుంచి తీసి, నూలు చుట్టే మెషిన్ దగ్గర పెట్టాడు. అక్కడ వేడినీళ్ళు లేవు. ఫిట్స్ కొంచెం తగ్గాయి. ఒక నెల మళ్ళీ బాగా పెరిగాయి. ఆ నెల ఆమె దారం చూసి, కష్టంగా ఉంటే మానుకోవచ్చమ్మా, కాగితంలో ఉండాది గదా అన్నాను. మంచి నెలలే రాసుకుంటే అది కొలతెట్ల అయితాదప్పా అంది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు నేను.

ఏడాది ముగిసింది. మామూలు గుంపులో ఉన్నవాళ్ళు కావాలంటే ఆ తర్వాత మాటల వైద్యం తీసుకోవచ్చని మొదటే రాసి ఉంది. ఆమె తీసుకుంది. కౌన్సెలర్ గది మా గది పక్కనే. తలుపు మూసి గంట గంట కూర్చునేవాళ్ళు. ఆమె అక్కడ ఏం చెప్పిందో, ఫిట్స్ మొదలైన నాడు ఏం జరిగిందో, అసలు ఏమన్నా జరిగిందో లేదో నాకు తెలియదు. కౌన్సెలర్ చెప్పలేదు, నేను అడగలేదు. కొన్ని రోజులు ఆమె ఏడ్చిన కళ్ళతో బయటికి వచ్చేది. ఒక రోజు మాత్రం ఇద్దరూ నవ్వుతూ వచ్చారు, ఎందుకో చెప్పకుండా వెళ్ళిపోయారు. మెల్లగా ముళ్ళు పలచబడ్డాయి. ముడి లేని నెల ఒకటి వచ్చింది, తర్వాత రెండోది. తల్లి పోయినప్పుడు మళ్ళీ వచ్చాయి. వస్తాయని ఆమెకు ముందే తెలుసు. వచ్చేముందు అరచేతులు చల్లబడడం ఆమె గుర్తుపట్టేది. గుర్తుపట్టి, కింద కూర్చుని, కాళ్ళు నేలకు అదిమి, కంటి ముందున్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకునేది. ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు.

ట్రయల్ ఫలితం ఏమిటో నేను ఇక్కడ రాయను. చెప్పవలసినవాళ్ళు చెప్పవలసిన చోట చెప్పారు, అది నా పని కాదని ఒకసారి నేర్చుకున్నాను. కానీ డాక్టరమ్మ ఒక మంచి పని చేశారు. ఫలితాన్ని పెద్ద సభల్లో చెప్పి ఊరుకోకుండా, చేరినవాళ్ళకు వాళ్ళ ఊళ్ళలోనే చెప్పాలన్నారు. బాగేపల్లిలో ఒక చిన్న హాలు తీసుకున్నాం. నా రిటైర్మెంట్‌కు అప్పటికి రెండు నెలలుంది. ట్రయల్‌లో ఉన్నవాళ్ళు, ఇంటివాళ్ళు, కొత్తగా ఇదే జబ్బని తేలినవాళ్ళు, అందరూ కలిసి అరవై మంది దాకా వచ్చారు. బెంగళూరు నుంచి ఇంకో ముగ్గురు డాక్టర్లు వచ్చారు. ఆమెను కూడా రెండు మాటలు చెప్పమని పిలిచాం. భర్త ఆటోలోనే తీసుకొచ్చాడు.

డాక్టరమ్మ తెర మీద బొమ్మలు చూపిస్తున్నారు. మూడో వరుసలో పరగోడు నుంచి వచ్చిన రైతు ఒకాయన, పక్కన డిగ్రీ చదివే కూతురు. కొత్తగా తేలినవాళ్ళు. వాళ్ళకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఉన్నట్టుండి ఆ అమ్మాయి కుర్చీలోంచి జారిపోయింది. కుర్చీలు జరిగిన చప్పుడు, జనం లేవడం. తండ్రి జేబులోంచి తాళాల గుత్తి తీశాడు, కూతురి పిడికిట్లో పెట్టాలని. ఇద్దరు ముగ్గురు కాళ్ళు పట్టుకోబోయారు.

మా డాక్టర్లు వేదిక మీద నుంచి దిగేలోపలే ఆమె అక్కడ ఉంది. ఎలా చేరిందో నేను చూడలేదు. నేల మీద కూర్చుని, తన చీర కొంగు మడిచి ఆ పిల్ల తల కింద పెట్టింది.

"ఇనుము వద్దప్పా. పట్టుకోవద్దండి. జరగండి, గాలి రానీండి." గొంతు పెంచలేదు. అందరూ జరిగారు. బెంగళూరు డాక్టర్లు కూడా జరిగారు. మా డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, ఒకసారి ఆ అమ్మాయిని పరీక్షగా చూసి, ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నారు.

ఆమె పిల్ల చెవి దగ్గర వంగి ఏదో చెబుతూనే ఉంది. నాకు కొన్ని మాటలే వినపడ్డాయి. ఈడ్నే ఉండాము, తొందరేమీ లేదు, నిదానంగా రామ్మా అని. ఒక చెయ్యి పిల్ల భుజం పక్కన నేల మీద ఉంది, తాకీ తాకనట్టు. రెండు చేతుల మీదా కాలిన మచ్చలు. కళ్ళు మాత్రం మధ్య మధ్యలో గోడ గడియారం మీదికి పోతున్నాయి. అంతసేపు అంతమంది ఒక మనిషి కోసం ఊరికే కాచుకుని నిలబడడం నేను ఏ ఆస్పత్రిలోనూ చూడలేదు. ఎవరూ ఏమీ చేయడం లేదు. అదే చేయవలసిన పని.

వణుకు ఆగింది. పిల్ల కళ్ళు తెరిచి, చుట్టూ ఇంతమందిని చూసి సిగ్గుతో ముఖం తిప్పుకోబోయింది. ఆమె తన శరీరాన్ని అడ్డం పెట్టి జనాన్ని కనపడకుండా చేసి, నాకూ ఇట్లనే వస్తాది అని చెప్పింది. పిల్ల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. పరగోడు రైతు తాళాల గుత్తి పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఆమె భర్త పోయి అతని పక్కన నిలబడ్డాడు.

అప్పుడు ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నాలుగున్నర నిమిషం. రాసుకోమ్మా."

డాక్టరమ్మ కోటు జేబులో వెతికి, కాగితం దొరక్క, అరచేతి మీద రాసుకున్నారు.